బాలింత నీళ్లకు పత్తికట్టె

ఫోన్ మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందనే అనుకుంటుంది సారక్క. మోగకపోతే, చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమో అనుకుంటుంది. బయ్యారం దాటి లోపలికి పోతే వచ్చే ఆ చిన్న తండాలో ఆమె సంగతి తెలియనివాళ్లు లేరు. పెనిమిటి భీమ్లా భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పనిలో ఉంటాడు. రోజూ పొద్దున ఫోన్ చేసి, ఆమె నోరు తెరవకముందే "నేను బాగనే ఉన్న" అంటాడు. ఆ మాట పడితే తప్ప అవతల రెండో మాట మొదలుకాదని అతనికి పెళ్లయిన కొత్తలోనే అర్థమైంది.

అలాంటి మనిషి దగ్గరికి కూతురు సౌందర్య మొదటి కాన్పుకు వచ్చింది. జనగామ అవతల నర్మెట్ట పక్కన వాళ్ల అత్తగారి తండా. అల్లుడు ప్రేమ్‌చంద్ కారు మాట్లాడి, దారి పొడవునా నెమ్మదిగా నడిపించి తీసుకొచ్చినా, సారక్క కూతుర్ని పొదివి పట్టుకుని దించుకుంటూ "తొవ్వల గుంతలెన్ని ఉన్నయి?" అని ముందు అల్లుణ్నే నిలదీసింది. లెక్కపెట్టలేదన్నాడు ప్రేమ్‌చంద్. లెక్కపెట్టకుండా ఎట్లా నడిపించావన్నట్టు చూసి, మంచినీళ్లిచ్చింది.

సారక్క ఇల్లు తండాకు ఆ చివర ఉంది. వెనక తలుపు తీస్తే పెరడు, పెరడు దాటితే తమ పత్తిచేను. ఎదురుగాలి వీస్తే చేలో కొట్టిన మందు వాసన వంటింట్లో కూరలోకి వస్తుంది. రెండేళ్ల కింద కొడుకు హరిలాల్ మిట్టమధ్యాహ్నం ఎండలో, గాలికి ఎదురు నిలబడి, వీపున పంపు వేసుకుని పురుగుమందు కొడుతూ చేను నడుమ కూలిపోయాడు. మూతికి గుడ్డ కూడా కట్టుకోలేదు. మానుకోట దవాఖానలో కళ్లు తెరిచాడు గానీ, సారక్క మాత్రం ఆ మధ్యాహ్నం నుంచి ఇంకా పూర్తిగా బయటకు రాలేదు. మందు డబ్బా మూత తీసిన చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి కొడుకు ఎక్కడున్నాడో చూసుకుంటుంది.

అందుకే సౌందర్య వచ్చిన రోజే కొడుకును పిలిచి, అతని చేతిని చెల్లెలి తల మీద పెట్టించింది.

"పిల్ల బొడ్డు కోసేదాక మన చేన్ల పురుగుమందు సుక్క పడొద్దు. ఒట్టెయ్."

"పురుగు పడితే ఏం చేస్తవ్ యాడీ?" అన్నాడు హరిలాల్. తల్లిని వాళ్లు యాడీ అనే పిలుస్తారు. ఇంట్లో తమ లంబాడీ బాస, బయట తెలుగు. ఈ రెండూ వాళ్ల నోళ్లలో ఎప్పుడో కలిసిపోయాయి.

"ఏరుత."

"గంత చేను ఏరుతవా?"

"నిన్ను కని పెంచిన, చేను ఏరనా?" అంది. హరిలాల్ ఒట్టేశాడు.

వ్యవసాయ విస్తరణ అధికారి పద్మలత స్కూటీ మీద ఆ తండాలన్నీ తిరుగుతుంది. సారక్క పెట్టించిన ఒట్టు విని ముందు నవ్వింది, తర్వాత మెచ్చుకుంది. మొదటి నుంచీ మందే దిక్కనుకోవద్దని తను ఊరూరా చెబుతూనే ఉంది, ఒక్కరైనా విన్నారు, కారణం ఏదైతేనేం అంది. చేను చుట్టూ పురుగుకు అడ్డంగా జొన్న వరుసలు పెట్టించింది. పచ్చదోమకూ తెల్లదోమకూ పసుపు రంగు జిగురు అట్టలు కట్టించింది. పేనుబంక పట్టినప్పుడు వేపనూనె కొట్టించింది. ఆ వేపనూనెకైనా సారక్క ఒప్పుకున్నది కూతుర్ని ముందు గదిలో కూర్చోబెట్టి తలుపేశాకే.

ఒకరోజు ఆకు కింద నల్లగా, ముళ్లతో, మొసలి పిల్లలా ఉన్న పురుగును చూసి సారక్క చెప్పు తీసింది. హరిలాల్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తింటది."

"గింత వికారంగ ఉన్నది అక్షింతల పురుగెట్లైతది? అది ఎర్రగ, సుక్కలతోని ముద్దుగుంటది కద."

"నేను పుట్టినప్పుడు ముద్దుగున్ననా?"

సారక్క కొడుకును ఎగాదిగా చూసి చెప్పు కింద వేసింది.

పత్తి పూతకు వచ్చింది. పద్మలత ఈసారి పత్తికాయను తొలిచే గులాబీ పురుగు కోసం బుట్టలు తెచ్చింది. బుట్ట అంటే పైన మూత, కింద పొడుగాటి పాలిథిన్ సంచి. మూత కింద చిన్న రబ్బరు బిరడా లాంటి ఎర పెడతారు. ఆడ పురుగు వాసన దానికి పట్టించి ఉంటుంది. మగ పురుగులు ఆ వాసనకు వచ్చి సంచిలో పడతాయి. ఎన్ని పడ్డాయో చూస్తే చేలో పురుగు ఎంత ఉందో తెలుస్తుంది. హరిలాల్ చేను పొడవునా బుట్టలు పాతాడు. మిగిలిన ఎరల ప్యాకెట్‌ను తల్లి చేతికిచ్చి "చల్లగ ఉండే కాడ పెట్టాల్నట" అని చెప్పి పోయాడు. విప్పొద్దు, చేత్తో ముట్టొద్దు అని కూడా పద్మలత చెప్పింది గానీ, ఆ మాట అతను మర్చిపోయాడు.

సారక్క ఆ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. కానీ అది ఇంగ్లీషు. నెలలు నిండుతున్న పిల్ల ఉన్న ఇంట్లో, ఏమిటో తెలియని వస్తువును ఎలా ఉంచుతుంది? చించి వాసన చూసింది. ఏ వాసనా లేదు. వాసన లేని విషం ఇంకా పాపిష్టిది కదా అనుకుంది. ఒక ఎరను బయటకు తీసి, వేళ్ల మధ్య నలిపి, కొంగుకు తుడిచి, మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఎందుకైనా మంచిదని ప్యాకెట్ మొత్తాన్ని కొంగున ముడేసుకుంది. విషమే అయితే ముందు తననే పట్టుకుంటుంది. తను పడిపోతే పిల్లను అవతలికి తీసుకుపోతారు.

రోజంతా ఆ కొంగుతోనే వంట చేసింది, కూతురి కాళ్లు ఒళ్లో పెట్టుకుని వత్తింది, తల దువ్వింది. రాత్రి ముడి విప్పి ప్యాకెట్‌ను నీళ్లకుండ కింద ఇసుకలో దాచింది. సౌందర్యకు చిన్నప్పటి నుంచి తల్లి కట్టి విడిచిన చీర కప్పుకుంటే తప్ప నిద్ర పట్టదు. వసారాలో మంచం వేసి, ఆ చీరే కప్పింది.

తెల్లవారుజామున నల్లా వస్తుంది. నీళ్లు పట్టడానికి లేచి వసారాలోకి వచ్చిన సారక్క అక్కడే ఆగిపోయింది. వాకిట్లో బల్బు వెలుగుతోంది. రెక్కల పురుగులు బల్బు దగ్గరికి పోవడం ఆమెకు తెలుసు. ఇవి బల్బును దాటి, చీకట్లో ఉన్న మంచం దగ్గరికి వచ్చాయి. గోధుమరంగు రెక్కలతో, గోరంత కూడా లేనివి, నిద్రపోతున్న కూతురి మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. కొన్ని చీర మీద వాలి, రెక్కలు టపటప కొట్టుకుంటున్నాయి.

లోపలికి పరిగెత్తింది. చేట తెచ్చి విసరడం మొదలుపెట్టింది. సౌందర్య కళ్లు విప్పింది.

"యాడీ, ఎందుకు ఇసురుతున్నవ్?"

"ఉక్కగ ఉన్నది, పండుకో."

"చలి పెడుతుందని నిండ కప్పుకున్న, ఉక్కేంది?"

"నీకు తెల్వదు, లోపలున్న పిల్లకు ఉక్క."

మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. భీమ్లా ఫోన్ చేసి ఎప్పట్లా "నేను బాగనే ఉన్న" అన్నాడు.

"నువ్వు బాగుంటవు. ఈడ పిల్ల మంచం చుట్టు రెక్కల పురుగులు తిరుగుతున్నయి. మీ అవ్వ గంగి సచ్చిపోయిన ఏడు గూడ ఇంట్ల ఇట్లనే తిరిగినయి, నాకు యాదికున్నది."

"మా అవ్వ ముసలితనంతోని పోయింది. అప్పుడు వానాకాలం, పురుగులు తిరగక ఏం తిరుగుతయి?"

"నువ్వు బొగ్గుల ఉంటవు, నీకు ఏం కనబడతది" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక, అతను కోపంలో పనికి పోయి ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందోనని మళ్లీ చేసి, "కోపం లేదు, అన్నం తిను" అని చెప్పింది.

బుట్టలు చూడటానికి పద్మలత వచ్చింది. చేలో సంచుల్లో పురుగులు అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయంతే. సంతోషంగా పెరట్లోకి వచ్చిన ఆమెను సారక్క పక్కకు పిలిచి, గొంతు తగ్గించింది.

"మేడం, రెక్కల పురుగులు మనిషి సుట్టు తిరిగితే దానికి ఏమన్న అర్థం ఉంటదా?"

"ఏం పురుగులు?"

సారక్క లోపలికి పోయి బోర్లించిన స్టీలు గ్లాసును పళ్లెంతో సహా తెచ్చింది. కింద ఒక పురుగు ఉంది. పద్మలత దాన్ని చూసి, సారక్కను చూసి, మళ్లీ పురుగును చూసింది.

"గిది రెక్కలొచ్చిన గులాబీ పురుగు కద. మగది. ఎరలు ఏడ పెట్టిన్రు?"

నీళ్లకుండ కింద ఇసుక తవ్వి, చినిగిన ప్యాకెట్ బయటకు తీసి, మొదటి రోజు కొంగున ముడేసుకున్న సంగతితో సహా అంతా చెప్పింది సారక్క. పద్మలత నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

"సారక్కా, నీ కొంగుకు ఆడ పురుగు వాసన పట్టింది. ఆ చీర సౌందర్యకు కప్పినవ్. పిల్లగాండ్లంత పెండ్లిచూపులకు వచ్చిన్రు."

సౌందర్య పొట్ట పట్టుకుని నవ్వింది. హరిలాల్ "యాడీ, ఈ వయసుల నీకు గిన్ని సంబంధాలా" అన్నాడు. సారక్క సిగ్గుపడుతూనే "నవ్వకు, నొప్పులొస్తయి" అని కూతుర్ని కసిరింది. ఆమె గుండె మీది బరువు ఎప్పుడు దిగిపోయిందో ఆమెకే తెలియలేదు.

కానీ పద్మలత నవ్వు సగంలో ఆగింది.

"ఆగుర్రి. చేన్ల బుట్టలకు ఒకటి రెండు పడ్డయి. ఇంటి కాడికి గిన్ని వచ్చినయంటే, ఇవి చేన్ల నుంచి వస్తలేవు. ఈడనే, దగ్గర్ల పుడుతున్నయి." అంటూ పెరడంతా కలియజూసింది. ఆమె చూపు మూల మీద ఆగింది. "ఆ టార్పాలిన్ కింద ఏమున్నది?"

"పత్తికట్టె" అంది సారక్క. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి గర్వం కనిపించింది.

హరిలాల్ పుట్టినప్పుడు ముసురు పట్టింది. తడికట్టె అంటుకోలేదు. పొగ తప్ప మంట లేదు. బాలింత స్నానానికి గోరువెచ్చని నీళ్లతో సరిపెట్టారు. సారక్క చలిజ్వరంతో వణికిపోతే, పాలు చాలక పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చాడు. మాఘంలో కూతురు నెల తప్పిన కబురు వచ్చిన రోజే ఆమె చేలో పత్తి ఏరేసిన మోడులు పీకడం మొదలుపెట్టింది. అందరూ ట్రాక్టరు పెట్టి కట్టెను చేలోనే ముక్కలు చేయిస్తే, ఈమె ఒక్కతే మోపులు కట్టి, ఎండబెట్టి, పెరట్లో పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది. వాన పడ్డప్పుడల్లా పోయి లోపల చెయ్యి పెట్టి చూసేది. ఆ కుప్ప పొడిగా ఉందంటే కూతురి కాన్పు సగం అయిపోయినట్టే ఆమెకు.

పద్మలత టార్పాలిన్ ఎత్తి, ఒక కట్టెకు ఎండి వేలాడుతున్న, విచ్చుకోని కాయను తుంపింది. దాన్ని నలిపి గింజలు తీసింది. రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గోటితో విప్పింది. వాటి మధ్య గులాబీ రంగు పురుగు ముడుచుకుని పడుకుని ఉంది.

"పోయిన పంటల పురుగు. గింజల ఇల్లు కట్టుకొని, చలికాలం, ఎండకాలం అంత పండుకొని, పూత వచ్చేనాటికి రెక్కలతోని లేస్తది."

సారక్క వంగి చూసింది. పొత్తిళ్లలో చంటిపిల్ల పడుకున్నట్టే ఉంది అది. వానకు తడవకుండా, ఎండకు మాడకుండా ఇన్నాళ్లూ దాన్ని కాపాడింది తనేనని అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది.

"ఈ కట్టె పోవాలె సారక్కా. ఉన్నన్ని రోజులు లేస్తనే ఉంటయి. నీ చేన్లకే పోతయి."

"ఇంకో తొవ్వ లేదా మేడం?"

హరిలాల్ మధ్యలో అందుకున్నాడు. "ఉన్నది. చెల్లెను కొద్దిరోజులు నర్మెట్టకు పంపు. నేను ఒట్టు ఇడిచిపెట్టి మందు కొడుత."

"మందు కొట్టినా కట్టె ఉంటే మళ్ల వస్తయి" అంది పద్మలత. "ముందు కట్టె పోవాలె. అప్పుడు మందు లేకుండ గట్టెక్కొచ్చు."

ఆ పూట సారక్క అన్నం తినలేదు. కుప్ప పక్కన కూర్చుని, ఒక్కొక్క దారినీ చివరిదాకా నడిచి చూసుకుంది. కట్టె ఉంచితే చేను పోతుంది. కూతుర్ని బస్సెక్కిస్తే దారిలో జఫర్‌గఢ్ దాటకముందే నొప్పులొస్తాయి. కట్టె తగలబెడితే బాలింతకు నీళ్లు లేవు, జ్వరం, చలి, పాలు పడవు. ఏ దారి చివర చూసినా ఆమెకు మంచి కనిపించలేదు.

సౌందర్య బరువుగా నడుచుకుంటూ వచ్చి, తల్లి పక్కన దిగబడింది.

"కట్టె కోసం నన్ను బస్సెక్కిస్తవా?"

"నా నోట్లె నుంచి ఆ మాట వచ్చిందా?"

"మరి లే. నాకు నీ చేతి నీళ్లు కావాలె. కింద ఏం మండితే నాకేంది?"

"గ్యాస్ మీద కాగిన నీళ్లు నీళ్లేనా? అడుగున కాగుతయి, పైన సల్లగనే ఉంటయి."

"గట్లనా. అయితే అడుగు నుంచి ముంచి పొయ్యి."

సారక్కకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. కూతురి తలను భుజానికి ఆనించుకుని, కాసేపు ఆమె జుట్టులో పేలేవీ లేకపోయినా వెతికింది.

మరుసటి రోజు తండాలో తీజ్ పండుగ చివరి రోజు. పెళ్లికాని పిల్లలు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూ పాటలు పాడుతున్నారు. అందరికీ కలిపి వండే వంటకు ఎప్పుడూ మగవాళ్లు కట్టె తెస్తారు. ఈసారి కట్టె తనదని సారక్క చెప్పింది. ఒకటే షరతు. పొద్దుగూకేలోపు పుల్ల మిగలకూడదు, ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు, పురుగు కదలకుండా ఉండే వేళ, మోపులను టార్పాలిన్‌లోనే చుట్టి తండా నడుమకు మోసుకుపోయారు.

పొయ్యిల దగ్గర సారక్క పోలీసులా నిలబడింది. పక్కింటి గోరీ అవ్వ ఒక చిన్న మోపును చీర చాటున పెట్టుకుని నెమ్మదిగా జారుకోబోయింది.

"అవ్వా, ఏడికి?"

"పొయ్యిల పుల్లలు లేవు బిడ్డా. జర్రంత."

"అండ్ల పురుగున్నది."

"నాకు చేనే లేదు, పురుగు నన్నేం చేస్తది?"

"నీకు లేదు, పక్కన నాకున్నది గద."

"గింత పుల్లకు గంత పరేషాన్ ఎందుకే నీకు" అని సణుగుతూ గోరీ అవ్వ మోపును తనే మంటలో పడేసింది. ఎండు కాయలు చిటపటలాడాయి. సారక్క ఆఖరి పుల్ల దాకా నిలబడింది. పిల్లలు బెల్లం అన్నం తెచ్చి నోట్లో పెడితే, రుచి తెలియకుండానే మింగింది.

ఆ తర్వాత ఏరడం మొదలైంది. పురుగు దూరిన పత్తి పువ్వు విచ్చుకోదు. రెక్కలు చుట్టుకుపోయి గులాబీ మొగ్గలా ఉండిపోతుంది. దాన్ని గుడ్డిపువ్వు అంటారు. సారక్కా హరిలాల్ రోజూ పొద్దున్నే వరుసలు తిరిగి గుడ్డిపూలు తెంపేవాళ్లు. సౌందర్య గట్టు మీద గొడుగు కింద కూర్చుని, ఒడిలో పడ్డ పూలను విప్పి, పురుగు ఉంటే సబ్బునీళ్ల బకెట్‌లో వేసేది. మొదట్లో బకెట్ కళ్లముందే నిండేది. రానురాను సౌందర్య పూల కోసం ఎదురుచూస్తూ, తల్లిని ఆటపట్టిస్తూ కూర్చునేది.

"ఏంది యాడీ, పని చేస్తలేవా? నాకు పూలు వస్తలేవు."

"దొరుకుతలేవు. నాకు తెల్వకుంట ఆకుల కింద దాక్కున్నయేమో."

ఒక పొద్దున సౌందర్య చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. నడుము పట్టుకుని "యాడీ" అంది. సారక్క ఏడు జన్మల భయం ఒక్కసారి పడింది. అయినా చిత్రంగా ఎక్కడా తడబడలేదు. బండి పిలిచింది, సంచి సర్దింది, మానుకోట దాకా కూతురి చెయ్యి విడవలేదు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. గొంతు గట్టిది.

ఇంటికి వచ్చాక, బాలింత నీళ్లు గ్యాస్ మీదే కాగాయి. సారక్క అడుగు నుంచే ముంచి పోసింది. జ్వరమేమైనా ఉందేమోనని కూతురి నుదురు అన్నిసార్లు తాకి చూసింది, సౌందర్య చివరికి ఆ చెయ్యి పట్టుకుని అక్కడే ఉంచేసుకుంది.

హరిలాల్ గోడకు వేలాడుతున్న పంపు వైపు చూసి అన్నాడు. "బొడ్డు కోసిన్రు. నా ఒట్టు తీరింది. ఇప్పుడు కాయలున్నయి, కొట్టమంటవా?"

"ముందు చూద్దాం పా."

ఇద్దరూ చేలోకి దిగారు. కాయలు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. సారక్క అడ్డదిడ్డంగా వరుసలు మారుస్తూ ఒక్కొక్క కాయ తెంపి, కొడవలితో చీరి చూసింది. ప్రతిసారీ చీరే ముందు ఆమె పెదవులు బిగుసుకునేవి. లోపల తెల్లగా ఉండేది. అయినా తర్వాతి కాయలో తప్పకుండా ఉంటుందన్నట్టు చీరేది. కొంగు నిండా కాయలయ్యాక, ఒక దాంట్లో గింజ పక్కన గులాబీ పురుగు కదిలింది.

తల్లి కూలబడుతుందేమోనని హరిలాల్ దగ్గరికి జరిగాడు. సారక్క దాన్ని పుల్లతో తీసి, సబ్బునీళ్ల డబ్బాలో వేసి, మూత పెట్టింది.

"గిన్నిట్ల ఒక్కటే" అన్నాడు హరిలాల్. "ఏం చేద్దాం?"

"ఒక్కదానికి మందెందుకు? రేపు అటు పక్క చూద్దాం. మేడంకు ఫోన్ చేసి చెప్పు, బుట్టలకు ఎన్ని పడ్డయో గూడ చెప్పు." గట్టు వైపు రెండడుగులు వేసి, ఆగి, పడమటి దిక్కు చూసింది. "మబ్బు పట్టింది. పాప బట్టలు తీగ మీద ఉన్నయి. నువ్వు ఉరుకు, నేను కాయలు పట్టుకొని వస్త. ఉరకంగ జారి పడకు, గట్టు తడిగుంటది."

హరిలాల్ గట్టు మీద పరుగెత్తాడు. వాడు తలుపు దాటే దాకా, ఎక్కడ పడతాడోనని, ఆమె చేలోనే నిలబడి చూసింది.